సెల్ఫ్ తిరుగుతుంది, బండి స్టార్ట్ కాదు: చలిపొద్దు అపోహలు - వాస్తవాలు

డిసెంబర్, జనవరి వచ్చిందంటే దేవరకొండ, అచ్చంపేట దిక్కు నుంచి మెకానిక్‌లకు పొద్దుగాలనే ఫోన్లు మొదలవుతాయి: "సెల్ఫ్ మంచిగనే తిరుగుతుంది అన్నా, బండి మాత్రం స్టార్ట్ ఐతలేదు." మన దగ్గర తెల్లవారుజామున చలి మామూలుగా 12–15 డిగ్రీలు. అంత మాత్రానికి కండిషన్‌లో ఉన్న ఇంజిన్ మొండికేయదు. ఏదో ఒక పార్టు అప్పటికే సగం పోయి ఉంటుంది. ఎండాకాలం అది బయటపడదు, అంతే.

అపోహ: చలికి డీజిల్ గడ్డకట్టింది.

చలికాలంలో అమ్మే డీజిల్ 6 డిగ్రీల దాకా ఫిల్టర్‌లోంచి పారాలని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. వేసవిలో డ్రమ్ముకు నింపి దాచుకున్న డీజిల్ సంగతి వేరు, దాని హద్దు 18 డిగ్రీలు. బంకులో నిన్న పోయించిన డీజిల్‌ను అనుమానించే ముందు ఇంకొకరిని సైలెన్సర్ దగ్గర నిలబెట్టి సెల్ఫ్ కొట్టండి.

తెల్లపొగ వస్తే డీజిల్ సిలిండర్లోకి వస్తోంది, వేడి చాలక అంటుకోవట్లేదు. అంటే స్టార్ట్ చేసే ముందు సిలిండర్ లోపల వేడి పుట్టించే హీటర్ ప్లగ్గులు చూడాలి. పొగే లేదంటే డీజిల్ రావట్లేదు. అప్పుడు ఫిల్టర్ అడుగు స్క్రూ వదులు చేసి నీళ్లు వంపేయండి, లైనులో గాలి పట్టిందేమో చూడండి. ఈ ఒక్క పరీక్షతో సగం పని తప్పుతుంది. ఐనా చాలామంది నేరుగా పంపు విప్పడానికే కూర్చుంటారు.

హీటర్ ప్లగ్గు చూడటం కష్టం కాదు. కనెక్టర్ తీసి, మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి, ఒక వైరు ప్లగ్గు కొసకు, రెండోది ఇంజిన్ బ్లాకుకు తాకించండి. మామూలు మెటల్ ప్లగ్గైతే 1 ఓమ్‌కు అటూ ఇటూ రావాలి. మీటరు 'ఓఎల్' అంటే లోపల తెగినట్టే. నాలుగూ బాగున్నాయా? ఐతే కీ ఆన్ చేసి కనెక్టర్‌కు కరెంటు వస్తోందో లేదో చూడండి, రాకపోతే ఫ్యూజు, రిలే చూడాలి. డాష్‌బోర్డులో స్ప్రింగు గుర్తు వెలిగి ఆరింది కదా అని నమ్మొద్దు. చాలా బండ్లలో అది టైము ప్రకారం ఆరుతుంది, ప్లగ్గు వేడెక్కిందని కాదు. పాత ప్లగ్గు విప్పాలంటే ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే విప్పండి. చల్లగా ఉన్నప్పుడు బలవంతంగా తిప్పితే హెడ్‌లోనే విరుగుతుంది.

అపోహ: సెల్ఫ్ తిరుగుతోంది కాబట్టి బ్యాటరీకి ఢోకా లేదు.

తిరగడం వేరు, చాలినంత వేగంగా తిరగడం వేరు. రాత్రంతా ఆగిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, సెల్ఫ్ కొడుతుండగా 9.6 కంటే కిందికి పడొద్దు. కామన్ రైల్ డీజిల్‌లో, అంటే ఒకే గొట్టం (రైల్) నుంచి అన్ని ఇంజెక్టర్లకూ డీజిల్ అందే ఇంజిన్‌లో, రైల్ ప్రెషర్ సుమారు 200 బార్ దాటితే గానీ డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు తెరుచుకోవు. నీరసంగా తిరిగే సెల్ఫ్‌తో ఆ ప్రెషర్ రాదు. బ్యాటరీ మార్చే ముందు టెర్మినళ్ల మీది తెల్ల పొడి గీకి, ఎర్త్ వైరు బిగించి చూడండి.

అపోహ: యాక్సిలరేటర్ తొక్కుతూ సెల్ఫ్ కొట్టాలి.

కార్బ్యురేటర్ కాలం అలవాటు ఇది. ఇంజెక్షన్ పెట్రోల్ బండిలో చలికి పెట్రోల్ ఎంత ఎక్కువ పోయాలో ఈసీయూనే (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) లెక్కేస్తుంది. పెడల్ మొత్తం తొక్కితే చాలా బండ్లలో పెట్రోల్ ఆగిపోతుంది. ఇంజిన్ ఫ్లడ్ అయి, అంటే లోపలికి పెట్రోల్ ఎక్కువైపోయి, వాసన గుప్పుమంటున్నప్పుడు మాత్రం అదే మందు: పూర్తిగా తొక్కి 5–8 సెకన్లు తిప్పండి.

ఆ లెక్కకు ఆధారం కూలెంట్ టెంపరేచర్ సెన్సర్. అది అబద్ధం చెబితే ఈసీయూ మోసపోతుంది. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే స్కానర్ పెట్టి కూలెంట్, లోపలికి వచ్చే గాలి టెంపరేచర్లు పక్కపక్కన చూడండి. రెండింటి మధ్య తేడా మూడు నాలుగు డిగ్రీలు మించొద్దు. గాలి 14, కూలెంట్ 70 అంటే దొంగ దొరికినట్టే. ఇలాంటప్పుడు ఫాల్ట్ కోడ్ రాకపోవచ్చు కూడా, 70 అన్నది తప్పు నంబరని ఈసీయూకు తెలియదు.

పెట్రోల్ పంపు సంగతి: కీ ఆన్ చేయగానే వెనక సీటు కింద రెండు సెకన్లు 'జీ'మని వినబడాలి. లేకపోతే ఫ్యూజు చూసి, పక్కనున్న అదే నంబరు రిలేతో మార్చి చూడండి. కీ రెండు మూడు సార్లు ఆన్–ఆఫ్ చేశాక బండి అందుకుంటే రాత్రి లైను ప్రెషర్ దిగిపోతోందన్నమాట, పంపు చెక్ వాల్వ్ లేదా ఇంజెక్టర్ కారుతోంది. సీఎన్‌జీ బండ్లలో చాలావరకు పొద్దున పెట్రోల్ మీదే స్టార్ట్ అవుతాయి, పెట్రోల్ ట్యాంకు ఖాళీగా ఉంచొద్దు.

అపోహ: గుడ్డ కాల్చి ఎయిర్ క్లీనర్ దగ్గర పెడితే అందుకుంటుంది.

పాత ట్రాక్టర్లకు నడిచిందేమో. కారులో ఆ పైపులన్నీ ప్లాస్టిక్. స్టార్టింగ్ స్ప్రే ఇంకా ప్రమాదం. వేడెక్కిన హీటర్ ప్లగ్గు తగిలితే పేలొచ్చు.

ఇక వరి పొలాల పక్కన బండి పెట్టేవాళ్లు ఇవన్నీ చూసే ముందు బానెట్ ఎత్తి వైర్లు చూసుకోండి. ఎలుక కొరికిన వైరుకు చలితో పని లేదు.