చందుర్తి: గోదావరి శిస్తు చేతులు మారిన యుద్ధం

గొల్లప్రోలు దగ్గర చందుర్తిలో 1758 డిసెంబరులో ఇంగ్లిషువాళ్లకూ ఫ్రెంచివాళ్లకూ జరిగిన పోరును మన పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. అంతకన్నా పెద్ద సంగతే అది.

శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్ (కొండపల్లి) సర్కార్లను, అంటే శిస్తు వసూలయ్యే కోస్తా జిల్లాలను, 1753లో నిజాం సలాబత్ జంగ్ ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చాడు, సైన్యం జీతాల కోసం. అంటే దక్కనులో ఫ్రెంచి తుపాకులను పోషించింది మన రైతు కట్టిన శిస్తే. ఇంగ్లండు, ఫ్రాన్సు ఎదురెదురుగా నిలిచిన ఏడేళ్ల యుద్ధం 1756లో మొదలైంది; అందులో ఇంగ్లిషువాళ్లకు ముందు ఇది పట్టలేదు. వాళ్ల చూపు బెంగాల్, మద్రాసు మీదే.

వాళ్లను పిలిచింది విజయనగరం ఆనంద గజపతి. బొబ్బిలి యుద్ధం తర్వాత తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయిన విజయరామరాజు వారసుడు. ఫ్రెంచివాళ్లతో చెడి, విశాఖపట్నం పట్టుకుని, బెంగాల్‌లో ఇంగ్లిషువాళ్ల పెద్ద క్లైవుకు కబురు పంపాడు. బుస్సీని ఇండియాలో ఫ్రెంచి సేనలకు అధిపతి అయిన లాలీ అప్పటికే వెనక్కి పిలిపించుకున్నాడు. ఆ స్థానంలోకి వచ్చిన కాన్‌ఫ్లాన్‌కు ఈ నేలా తెలియదు, ఇక్కడి జమీందార్ల లెక్కలూ తెలియవు.

బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్ సుమారు 500 మంది తెల్ల సైనికులు, 2,000 మంది సిపాయిలతో వచ్చాడు. చందుర్తి దగ్గర ఫోర్డ్ తెల్లదళం నిలువెత్తు పైరు చాటున పడింది. ఎర్రకోట్లు వేసుకున్న బెంగాల్ సిపాయిలనే తెల్లవాళ్లనుకుని ఫ్రెంచివాళ్లు వాళ్ల మీద పడ్డారు. సిపాయిలు చెదిరారు కూడా. సరిగ్గా అప్పుడు పైరు పక్కనుంచి అసలు దళం కాల్పులు మొదలుపెట్టింది. కాన్‌ఫ్లాన్ గుర్రమెక్కి రాజమండ్రికి పరుగు. అక్కడా నిలవలేదు, గోదావరి దాటిపోయాడు.

ఫోర్డ్ మాత్రం వెంటనే తరమలేకపోయాడు. గజపతి ఇస్తానన్న డబ్బు అందలేదు! ఆ బేరసారాల్లో వారాలు గడిచాయి. మచిలీపట్నం పడింది 1759 ఏప్రిల్‌లో.

ఇక్కడే యుద్ధం స్వభావం మారింది. అప్పటిదాకా జమీందారు పగకు, నిజాం కొలువులో పలుకుబడికి అద్దె సైన్యాలు కొట్టుకున్నాయి. ఇప్పుడు పందెం శిస్తు. మద్రాసు ముట్టడిలో డబ్బుకు కటకటలాడుతున్న లాలీకి సర్కార్ల రాబడి పూర్తిగా పోయింది. మే నెలలో సలాబత్ జంగ్ మచిలీపట్నం, నిజాంపట్నం ప్రాంతాలు ఇంగ్లిషువాళ్లకిచ్చి, ఫ్రెంచి సేనను ఇక ఉంచుకోనని ఒప్పుకున్నాడు. బట్టల వ్యాపారానికి తీరంలో కొట్లు పెట్టుకున్న ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీకి భూమి రుచి తగిలింది.

సర్కార్లను కంపెనీకి ఇస్తూ 1765లో మొగలు ఫర్మానా, మరుసటి ఏడాది నిజాంతో ఒప్పందం వచ్చాయి. ఆ ఒప్పందం వెనక మంతనాలు నడిపినవాడు కంపెనీ దుబాసీ కాండ్రేగుల జోగిపంతులు. ఇక విజయనగరం సంగతి: బాకీల గొడవ ముదిరి, 1794లో పద్మనాభం దగ్గర కంపెనీ సేనే ఆనంద గజపతి వారసుణ్ణి చంపింది.