మొదటి కారుగా పాత జపాన్ హ్యాచ్‌బ్యాక్: అపోహలు - వాస్తవాలు

టొయోటా యారిస్, హోండా జాజ్, సుజుకీ స్విఫ్ట్, నిస్సాన్ మైక్రా, మజ్దా 2. డ్రైవింగ్ కొత్తగా నేర్చుకున్నవాళ్లు తక్కువ బడ్జెట్‌లో సెకండ్ హ్యాండ్ కారు వెతికితే ముందు తగిలేవి ఇవే. జపాన్‌లో అయితే యారిస్‌ను విట్జ్ అని, జాజ్‌ను ఫిట్ అని, మైక్రాను మార్చ్ అని, మజ్దా 2ను డెమియో అని అమ్మారు. ఇవి మంచి బళ్లే, అందులో సందేహం లేదు. కానీ ఆ మంచిపేరు మోడల్‌ది. మీ ముందు నిలబెట్టిన బండి ఎలా ఉందనేది, పదిహేనేళ్లుగా దాన్ని వాడినవాళ్లు ఎలా చూసుకున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. బేరాల్లో ఎక్కువమంది మోసపోయేది ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లే.

అపోహ: జపాన్ ఇంజిన్‌కు చావు లేదు. పైగా టైమింగ్ చైన్ ఉంటే ఇక దాని జోలికే వెళ్లక్కర్లేదు.

2000 తర్వాత వచ్చిన ఈ తరగతి పెట్రోలు కార్లలో చాలావాటికి బెల్టు కాకుండా చైనే ఉంటుంది. బెల్టులా దాన్ని ఇన్ని కిలోమీటర్లకు మార్చాలన్న గడువు ఉండదు. అయితే ఆ చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ చాలా ఇంజిన్లలో ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. ఆయిల్ మార్చకుండా తిప్పితే అది చిక్కబడి, మడ్డి కట్టి, సన్నటి దారులు మూసుకుపోతాయి. చైన్ లింకులు అరిగి పొడవు పెరుగుతుంది. అప్పుడు వాల్వులు తెరుచుకునే సమయం తప్పుతుంది, బండి బలం తగ్గుతుంది, చివరికి చైన్ పళ్లు దాటితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోయే ప్రమాదం ఉంది.

నిస్సాన్ మైక్రాలో కె12 తరం ఈ విషయంలో పేరుపడ్డదే. స్టార్ట్ చేయగానే గలగలమనే శబ్దం, స్కానర్ (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెడితే క్యామ్, క్రాంక్ సెన్సర్ల కోడ్‌లు కనబడితే చైన్ సాగిందని అనుమానించాలి. అమ్మేవాళ్లు దాన్ని సెన్సర్ మారిస్తే పోయే చిన్న పనిగా చెబుతారు. చైన్ మార్చాలంటే ఇంజిన్ ముందు భాగమంతా విప్పాలి. చవక బండికి ఆ ఖర్చు పెట్టడం దాదాపు ఎప్పుడూ గిట్టదు.

మిగతావాటికీ వాటి వాటి బలహీనతలున్నాయి. మొదటి తరం జాజ్‌లోని ఐ-డీఎస్ఐ ఇంజిన్‌కు సిలిండర్‌కు రెండు చొప్పున మొత్తం ఎనిమిది స్పార్క్ ప్లగ్గులు. వెనక వరసలోని నాలుగు చేతికి అందడం కష్టం కాబట్టి ముందు నాలుగే మార్చి ఊరుకున్న బళ్లు చాలా ఉంటాయి. ప్లగ్గులు మార్చామంటే ఎన్ని మార్చారో అడగండి. దాని వాల్వ్ గ్యాప్ తనంతట తాను సర్దుకోదు, కొలిచి స్క్రూ తిప్పి సరిచేయాలి. అదే జాజ్ డిక్కీలో స్టెప్నీ మీది కప్పు ఎత్తి చూడండి. పై అతుకుల నుంచి కారిన నీళ్లు అక్కడ నిలవడం ఆ మోడల్‌కు మామూలు జబ్బు. మూడు సిలిండర్ల యారిస్‌లో వాటర్ పంపు చుట్టూ ఎండిన గులాబీ రంగు మరకలున్నాయేమో చూడాలి. టొయోటా కూలెంట్ రంగు అది, మరక ఉందంటే పంపు కారుతోందన్నమాట.

అపోహ: రీడింగ్ తక్కువ ఉంటే బండి మంచిది.

పదేళ్ల బండి 30,000 కిలోమీటర్లే తిరిగిందంటే రోజుకు సగటున 8 కిలోమీటర్లు. అంత చిన్న ప్రయాణాల్లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. సైలెన్సర్‌లో చేరిన నీరు ఆవిరై బయటికి పోదు కాబట్టి అది లోపలి నుంచి తుప్పు పడుతుంది. పెట్రోలు, నీటి ఆవిరి ఆయిల్‌లో కలుస్తాయి. బ్యాటరీ ఎప్పుడూ నిండా చార్జ్ కాదు. టైర్లు, బెల్టులు, రబ్బరు బుష్‌లు అరగకుండానే ఎండి పగులుతాయి. ఏటా ఆయిల్ మార్చిన బిల్లులతో 1,40,000 తిరిగిన బండి, ఏ కాగితమూ లేకుండా 50,000 చూపించే బండి పక్కపక్కన ఉంటే మేం మొదటిదే తీసుకోమంటాం.

ఇక ఆ రీడింగ్ నిజమేనా అన్నది వేరే ప్రశ్న. డిజిటల్ మీటర్ కాబట్టి తిప్పలేరనుకోవద్దు, పరికరం తగిలిస్తే నిమిషాల్లో మారిపోతుంది. కానీ అరుగుదలను అంత సులువుగా దాచలేరు. బ్రేకు, క్లచ్ పెడల్ రబ్బర్లు, నున్నగా మెరిసే స్టీరింగ్, డ్రైవర్ సీటు బయటి అంచు, నూలు లేచిన సీటు బెల్టు చూడండి. 40,000 తిరిగిన బండికి పెడల్ రబ్బరు గీతలు చెరిగిపోవు. సర్వీసు బిల్లుల మీద, పాత తనిఖీ పత్రాల మీద ఉన్న రీడింగులను తేదీల వారీగా రాసుకుంటే అంకె ఎక్కడైనా వెనక్కి వెళ్లిందా అన్నది తెలిసిపోతుంది.

అపోహ: కొత్తవాళ్లకు ఆటోమేటిక్ తీసుకుంటే ఏ చింతా ఉండదు.

ఆటోమేటిక్ అన్న ఒక్క పేరు కింద ఈ కార్లలో కనీసం మూడు రకాల గేరు పెట్టెలున్నాయి. ఏది ఉందో తెలుసుకోకుండా కొనకూడదు.

ఇంజిన్ బలాన్ని ఫ్లూయిడ్ ద్వారా గేర్లకు అందించే టార్క్ కన్వర్టర్ ఉన్న పాత నాలుగు గేర్ల పెట్టె కాస్త ఎక్కువ పెట్రోలు తాగుతుంది. కానీ మొండిది, ఫ్లూయిడ్ మారుస్తుంటే చాలాకాలం నడుస్తుంది. చవక బండిలో ఇది దొరికితే మేలు.

సీవీటీలో గేర్లుండవు, రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. నున్నగా లాగుతుంది, మైలేజీ బాగుంటుంది. దాని ప్రాణమంతా ఫ్లూయిడ్‌లోనే. జీవితాంతం మార్చక్కర్లేదన్న మాటను నమ్మొద్దు, పాత బండికి 40,000 నుంచి 60,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చడమే క్షేమం. అదీ ఆ కంపెనీ చెప్పిన రకమే పోయాలి. మామూలు ఏటీఎఫ్ (సాధారణ ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఫ్లూయిడ్) పోస్తే బెల్టుకు, పుల్లీలకు మధ్య పట్టు చెడిపోతుంది. మొదటి తరం జాజ్ సీవీటీలో స్టార్ట్ క్లచ్ అని ఒకటుంటుంది. అది పాడవుతుంటే ఆగి ఉన్న బండి కదిలేటప్పుడు గడగడ వణుకుతుంది. ఫ్లూయిడ్ మారిస్తే కొన్ని బళ్లలో తగ్గుతుంది, కొన్నింటిలో తగ్గదు. తగ్గుతుందన్న ఆశతో కొనొద్దు.

మూడోది, మాన్యువల్ గేర్‌బాక్సుకే క్లచ్ నొక్కే మోటారు తగిలించిన రకం. యారిస్‌లో మల్టీమోడ్, జాజ్‌లో ఐ-షిఫ్ట్, సుజుకీలో ఏజీఎస్ అంటారు. ఇందులో క్లచ్ ప్లేటు మామూలు బండిలాగే అరుగుతుంది, ట్రాఫిక్‌లో ఇంకా త్వరగా అరుగుతుంది. క్లచ్ మార్చాక స్కానర్‌తో దానికి కొత్త పట్టు స్థానం నేర్పించాలి. క్లచ్ నొక్కే ఆ మోటారు (యాక్చుయేటర్) పోతే ఆ ఖర్చు క్లచ్‌ను మించిపోవచ్చు. డబ్బు తక్కువున్న మొదటి కొనుగోలుకు ఈ రకం వద్దన్నదే మా అభిప్రాయం.

అపోహ: ఒక రౌండ్ వేసి చూశాం, బాగానే నడిచింది.

పది నిమిషాల రౌండ్‌లో, అదీ ముందే వేడెక్కించి పెట్టిన ఇంజిన్‌తో, అసలు లోపాలు బయటపడవు. మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని ముందురోజే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశారో అడగండి, కుదిరితే ఇంకోరోజు రండి.

చల్లని ఇంజిన్ మీదే డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూడాలి. ఆయిల్ నల్లగా ఉండటం తప్పు కాదు, కింది గీతకంటే తక్కువ ఉండటం తప్పు. ఆయిల్ మూత తీసి టార్చితో లోపలికి చూడండి. తేనె రంగు పొర ఉంటే పర్వాలేదు, నల్లటి మడ్డి అట్టకట్టి ఉంటే ఆ బండి వదిలేయండి. మూత కింద మీగడలాంటి తెల్లటి పదార్థం చిన్న ప్రయాణాల వల్ల కూడా వస్తుంది, అది చూసి వెంటనే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కు, బ్లాకుకు మధ్య ఉండే సీలు) పోయిందనకూడదు. కూలెంట్‌లో నూనె తేలుతోందా, మట్టం తగ్గిందా అన్నవి కూడా చూసి చెప్పాలి. కూలెంట్ మూత మాత్రం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి.

ఇప్పుడు స్టార్ట్ చేయించి మీరు వెనక నిలబడండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. తీపి వాసనతో తగ్గకుండా వచ్చే తెల్ల పొగ కూలెంట్‌ది. చలిలో కాసేపు వచ్చి ఆగే పల్చటి ఆవిరికి భయపడక్కర్లేదు. ఈ కార్లలో కొన్నింటికి టెంపరేచర్ ముల్లు ఉండదు, ఇంజిన్ చల్లగా ఉందని చెప్పే నీలం దీపం మాత్రమే ఉంటుంది. నడిపిన కొన్ని నిమిషాలకు అది ఆరిపోవాలి. పావుగంట దాటినా వెలుగుతూనే ఉంటే థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచి మూసే భాగం) తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు, లేదా వేడెక్కే జబ్బును కప్పిపుచ్చడానికి ఎవరో దాన్ని పీకేసి ఉండొచ్చు. ఏసీ వేసి, రేడియేటర్ ఫ్యాను తిరిగి ఆగేదాకా బండిని ఆన్‌లోనే ఉంచండి.

రోడ్డు మీద చేయాల్సినవి కొన్నే. స్టీరింగ్ ఒకవైపు పూర్తిగా తిప్పి నెమ్మదిగా చుట్టు తిరిగితే టకటకమంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ అరిగింది. నాలుగో గేరులో గంటకు 40 కిలోమీటర్ల దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఇంజిన్ హోరు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. పల్లంలో కాలు తీసేసి దిగి, కింద మళ్లీ తొక్కినప్పుడు అద్దంలో నీలం పొగ కనబడితే వాల్వ్ సీళ్లు అరిగినట్టు. చివరగా ఇంజిన్ ఆపి, ఐదు నిమిషాలు ఆగి, వేడిమీదే మళ్లీ స్టార్ట్ చేయండి. కొన్ని సెన్సర్ లోపాలు అప్పుడే బయటపడతాయి.

అపోహ: డ్యాష్‌బోర్డులో ఏ లైటూ వెలగడం లేదు కాబట్టి లోపం లేదు.

తాళం తిప్పగానే చెక్ ఇంజిన్, ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ దీపాలన్నీ ఒకసారి వెలిగి ఆరాలి. అసలు వెలగని దీపం ఉంటే దాని బల్బు తీసేసి ఉండొచ్చు. ఓబీడీ స్కానర్ పెట్టినప్పుడు కోడ్‌లు లేవని సంతోషించే ముందు రెడీనెస్ మానిటర్లు, అంటే బండి తనను తాను పరీక్షించుకోవడం పూర్తయిందా అని చూపే గుర్తులు, చూడండి. కొన్నేళ్లుగా రోజూ తిరుగుతున్న బండిలో అవి పూర్తికాలేదని చూపిస్తే, ఈమధ్యే కోడ్‌లు చెరిపారు లేదా బ్యాటరీ తీశారు.

అపోహ: ఎయిర్‌బ్యాగులున్నాయి, భద్రతకు లోటు లేదు.

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. టకాటా అనే కంపెనీ తయారుచేసిన ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్లలో (బ్యాగును ఉబ్బించే భాగాల్లో) అమ్మోనియం నైట్రేట్ వాడారు. ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలితే అది చెడిపోయి, బ్యాగ్ తెరుచుకునేటప్పుడు లోహపు డబ్బా పగిలి ముక్కలు మనిషి మీదికి దూసుకొస్తాయి. ఇలా చాలామంది చనిపోయారు. హోండా, టొయోటా, నిస్సాన్, మజ్దా, మిత్సుబిషితో సహా అనేక కంపెనీలు కోట్ల సంఖ్యలో కార్లను వెనక్కి పిలిచాయి. మీరు చూస్తున్న వయసు బళ్లే వాటిలో ఎక్కువ. ఛాసిస్ నంబరును కంపెనీ రీకాల్ పేజీలో కొట్టి చూడండి, పని మిగిలి ఉంటే రీకాల్ కింద ఉచితంగా చేస్తారు. అది పూర్తయ్యేదాకా ఆ బండి నడపొద్దు, పక్క సీట్లో ఎవరినీ కూర్చోబెట్టొద్దు.

ఇంకొకటి, ఈఎస్‌సీ. బండి జారబోతే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి అదుపులో ఉంచే వ్యవస్థ ఇది. జారుతున్న కారు బొమ్మ ఉన్న దీపం తాళం తిప్పినప్పుడు వెలిగి ఆరితే ఆ బండికి అది ఉన్నట్టే. యూరప్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి చేశారు, అంతకుముందు చవక వేరియంట్లలో చాలావాటికి లేదు. కొత్త డ్రైవరుకు అలాయ్ చక్రాలు, పెద్ద స్క్రీన్ కంటే ఇది వెయ్యి రెట్లు అవసరం.

అపోహ: పెయింటు తళతళలాడుతోంది, బాగా చూసుకున్నారు.

అమ్మకానికి ముందు పాలిష్ ఎవరైనా చేయిస్తారు. బానెట్, డోర్ల కీళ్ల బోల్టుల మీద పెయింటు చిట్లిందా, రెండువైపులా సందులు సమానంగా ఉన్నాయా, డిక్కీ అడుగున వెల్డింగ్ గుర్తులున్నాయా చూడండి. పెయింటు మందం కొలిచే మీటరు దొరికితే ఇంకా మంచిది. కంపెనీ పెయింటు సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. ఒక్క డోరే 300 చూపిస్తే అక్కడ మళ్లీ పెయింటు పడింది, అంకె వెయ్యికి చేరితే లోపల పుట్టీ ఉంది.

తుప్పు కిందనే మొదలవుతుంది. డోర్ల కింది అంచులు, వెనక చక్రాల తోరణాలు, వెనక యాక్సిల్ బీమ్, బ్రేకు పైపులు, పెట్రోలు పోసే గొట్టం చూడాలి. కొత్తగా నల్లటి అండర్‌కోటింగ్ వేసి ఉంటే దాని కింద ఏముందో గట్టిగా నొక్కి చూడండి.

అపోహ: జపాన్ నుంచి నేరుగా దిగుమతి అయిన బండి, కొత్తదాంతో సమానం.

దిగుమతి బండికి వేలం షీటు, అంటే జపాన్ వేలంలో బండి పరిస్థితి రాసిన తనిఖీ పత్రం, అడగండి. గ్రేడ్ దగ్గర ఆర్ లేదా ఆర్ఏ అని ఉంటే ప్రమాదం జరిగి బాగుచేసిన బండి. ఆ షీటులోని కారు బొమ్మ మీద ఎ అంటే గీత, యు అంటే సొట్ట, డబ్ల్యూ అంటే టింకరింగ్ చేసిన చోటు, ఎస్ అంటే తుప్పు, డబుల్ ఎక్స్ అంటే మార్చిన ప్యానెల్. హొక్కైడో లాంటి మంచు ప్రాంతంలో తిరిగిన బండికి అడుగున తుప్పు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. విడిభాగాలు మోడల్ పేరుతో కాకుండా ఛాసిస్ నంబరుతో తెప్పించుకోవాలి.

అపోహ: చిన్న కారు, కొన్నాక పెద్దగా ఖర్చుండదు.

చేతిలో ఉన్నదంతా బండికే పెట్టకండి, ఐదో వంతు పక్కన ఉంచండి. కొన్న వారంలోనే ఆయిల్, ఫిల్టరు మార్చాలి, ఈ ఇంజిన్లకు 3 నుంచి 4 లీటర్లు పడుతుంది. బ్రేకు ఫ్లూయిడ్, కూలెంట్, ఎయిర్ ఫిల్టరు, పక్క బెల్టు, ఎప్పుడు మార్చారో తెలియని ప్లగ్గులు ఆ వెంటే. టైరు పక్కన నాలుగు అంకెల కోడ్ చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. పదేళ్లు దాటిన టైరుకు గాడి లోతు ఎంతున్నా మార్చేయాల్సిందే.

ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే అన్నింటికంటే చవకైన పని కొనకముందే చేయించుకోవాలి. అమ్మేవాళ్లకు సంబంధం లేని మెకానిక్‌తో బండిని లిఫ్ట్ మీద ఎక్కించి అరగంట చూపించండి. అందుకు అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ధర ఎంత తగ్గించినా ఆ బండి వద్దు.