కూలిన దుంగ మీద లెక్క: స్వీడన్, ఫిన్లాండ్ అడవుల కథ

'పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి' అని తేలిగ్గా అనేస్తాం. ఉత్తర ఐరోపాలో కూలిన స్ప్రూస్ (సూదుల్లాంటి ఆకులుండే చెట్టు) దుంగల మీద పెరిగే ఫోమిటోప్సిస్ రోజియాకి ఆ మాట నప్పదు. చెక్కలా గట్టిగా, అడుగున గులాబీ రంగులో ఉండే ఈ పుట్టగొడుగు ఏళ్ల తరబడి దుంగను అంటిపెట్టుకుని ఉంటుంది. కలప కోసం పెంచే అడవుల్లో వెతికినా అరుదు.

ఇలాంటి వాటికి పేర్లు పెట్టి వరసలో పేర్చే పని స్వీడన్‌లో వృక్షశాస్త్రవేత్త ఎలియాస్ ఫ్రీస్ 1821లోనే మొదలుపెట్టాడు. అడవి శాఖలకు మాత్రం వాటి మీద ఆసక్తి శత్రుత్వంతో మొదలైంది. చెక్క పుచ్చితే పుట్టగొడుగు దానంతటదే పుడుతుందని చాలాకాలం నమ్మారు. అసలు పుచ్చబెట్టేదే అదని 1870లలో జర్మనీకి చెందిన అటవీ శాస్త్రవేత్త రాబర్ట్ హార్టిగ్ చూపించాడు. అప్పటి నుంచి అది కలప దొంగ. ఎండిన చెట్టు, పడిపోయిన దుంగ అడవిలో ఉంటే నిర్వహణ బాగాలేదన్నట్టే లెక్క.

ఆ శుభ్రత ఫలితం అంకెల్లోనే ఉంది. మనిషి చెయ్యి పడని పాత స్ప్రూస్ అడవిలో హెక్టారుకు 60 నుంచి 120 ఘనపు మీటర్ల దాకా చచ్చిన చెక్క ఉంటుంది. కలప అడవిలో చాలాచోట్ల 2 నుంచి 10 మాత్రమే. ఫిన్లాండ్‌లో నాలుగైదు వేల జాతులు ఈ చెక్కను నమ్ముకునే బతుకుతున్నాయి. అక్కడి అటవీ జీవుల్లో ఇది ఐదో వంతుకు తక్కువ కాదు.

మలుపు ఏ విశ్వవిద్యాలయంలోనో రాలేదు. 1980ల చివర్లో స్వీడన్ ఉత్తరాన యోక్‌మోక్‌లో స్థానిక ప్రకృతి ప్రేమికులు నరికివేతకు ముందే అడవిలోకి వెళ్లి దుంగలు వెతకడం మొదలుపెట్టారు. ఆ ఉద్యమం పేరే 'ఒక అడుగు ముందు'. ఫలానా పుట్టగొడుగు ఉందంటే ఆ చోట తరాలుగా దుంగలు పడుతూనే ఉన్నాయన్నది వాళ్ల వాదన. 1993లో స్వీడన్ అటవీ శాఖ దేశవ్యాప్తంగా విలువైన అడవి ముక్కల సర్వే మొదలుపెట్టినప్పుడు ఈ సూచిక జాతుల ఆలోచన అందులోకీ వచ్చింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు ఘట్టం ఇదే: లెక్కపెట్టడం రంపానికి అడ్డం పడే పని అయింది.

అయితే ఆ లెక్క కంటికి కనిపించిన దానికే. పుట్టగొడుగు అనేది శిలీంధ్రంలో బయటికి కనిపించే భాగమే, దాని అసలు ఒళ్లు చెక్క లోపల సన్నటి దారాలుగా ఉంటుంది. బయటికి రాకుండానే ఏళ్లు గడిపేయగలదు. చాలా రకాలు బయటపడేది శరదృతువులోనే, అదీ అన్ని ఏళ్లూ కాదు. అందుకే ఇప్పుడు మంటలో కాల్చి శుభ్రం చేసిన డ్రిల్‌తో దుంగను తొలిచి, రంపపు పొట్టులోని డీఎన్‌ఏ చదువుతున్నారు. శిలీంధ్రాలను పోల్చడానికి ఐటీఎస్ అనే డీఎన్‌ఏ ముక్కను ప్రామాణికంగా తీసుకోవాలని 2012లో ప్రతిపాదించారు.

దాంతో జాబితా పెరిగింది, చిక్కూ పెరిగింది. ఎక్కడి నుంచో ఎగిరొచ్చి వాలిన శిలీంధ్ర బీజం కూడా డీఎన్‌ఏలో కనిపిస్తుంది. దాన్ని ఆ దుంగలో కాపురం ఉన్నట్టు లెక్కెయ్యలేం. పైగా దొరికిన డీఎన్‌ఏ వరసల్లో చాలావాటికి ఇంకా పేరే లేదు. పేరు లేనిదాన్ని ప్రమాదంలో ఉన్న జాతుల రెడ్ లిస్టులోకి ఎక్కించడం కష్టం.