సెమినోల్ ఫ్రీడ్‌మెన్: చిక్కంతా ఆ రెండో జాబితాతోనే

తెగలో ఒకప్పుడు బానిసలుగా ఉండి విడుదలైన నల్లజాతివారి (ఫ్రీడ్‌మెన్) వారసులకు సభ్యత్వం ఇవ్వాల్సిందేనని 2025 జూలైలో అమెరికా ఆదివాసీ తెగ అయిన క్రీక్ తెగ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దాంతో ఓక్లహామాలోనే, పొరుగున ఉన్న సెమినోల్ తెగలో ఏళ్లుగా నలుగుతున్న అదే గొడవ మీద మళ్లీ చూపు పడింది. సెమినోల్‌లు అమెరికా సైన్యంతో చేసిన ఫ్లోరిడా యుద్ధాలు, వారిని అక్కడి నుంచి పడమటికి తరిమివేయడం చాలామంది చదివిందే. ఇవాళ్టి తగాదా అర్థం కావాలంటే అమెరికా ప్రభుత్వం వేసిన డాస్ కమిషన్ రాసిన జాబితా తెరవాలి.

అమెరికా ప్రభుత్వంతో తెగ చేసుకున్న 1866 ఒప్పందంలో మాట స్పష్టంగా ఉంది. తెగలో ఉంటున్న నల్లజాతివారికి, వారి సంతానానికి మిగతా సెమినోల్‌లతో సమానంగా అన్ని హక్కులూ ఉంటాయి. తర్వాత తెగ ఉమ్మడి భూమిని తలా ఇంత అని పంచడానికి డాస్ కమిషన్ మనుషుల పేర్లు రాసుకుంది. ఒక జాబితా సరిపోయేదానికి రెండు రాసింది: 'రక్తం చేత సెమినోల్‌లు', 'ఫ్రీడ్‌మెన్'. మొదటిదాంట్లో పేరు పక్కన సగం, పావు అంటూ రక్తం వంతు ఉంది. రెండోదాంట్లో ఆ లెక్కే లేదు. తండ్రి సెమినోల్ అయినా తల్లి నల్లజాతి మనిషైతే బిడ్డ పేరు రెండో జాబితాలోకే వెళ్లింది. భూమి మాత్రం ఇద్దరికీ సమానంగా ఇచ్చారు కాబట్టి ఆ గీత ఎంత లోతుదో అప్పుడు తెలియలేదు.

జాతీయ జనగణనదీ అదే చూపు. 1930లో ఇంటింటికీ వెళ్లి వివరాలు రాసుకునే ఎన్యూమరేటర్లకు ఇచ్చిన ఆదేశం చూడండి. ఆదివాసీ, నల్లజాతి రక్తం రెండూ ఉన్న మనిషిని 'నీగ్రో' అని రాయాలి. ఆదివాసీ రక్తమే ఎక్కువై, చుట్టుపక్కలవాళ్లు కూడా ఆదివాసీగా ఒప్పుకుంటే తప్ప. తెల్లవారి రక్తం కలిసినవాళ్లకు లెక్క తిరగబడింది: ఆదివాసీ రక్తం మరీ తక్కువైతేనో, చుట్టుపక్కలవాళ్లు తెల్లవారిగా చూస్తేనో తప్ప ఆదివాసీ అనే రాయాలి.

ఒకటికి మించి జాతులు చెప్పుకునే వీలు 2000 జనగణనలో వచ్చింది. సరిగ్గా అదే ఏడాది సెమినోల్ తెగ రాజ్యాంగం మార్చి, సభ్యత్వానికి ఎనిమిదో వంతు సెమినోల్ రక్తం ఉండాలంది. రెండో జాబితాలో రక్తం లెక్కే లేదు కాబట్టి ఫ్రీడ్‌మెన్ బయటపడ్డారు. సభ్యులెవరో తేల్చుకునే అధికారం తనదేనని తెగ ప్రభుత్వం అంటుంది. ఆ అధికారాన్ని కాదనలేం. కానీ ఆ వంతుకు ఆధారమైన కాగితం తెగ రాసుకున్నది కాదు, వాషింగ్టన్ పంపిన గుమస్తాలు రాసింది.

ఫెడరల్ ప్రభుత్వం ఆ మార్పును ఒప్పుకోకపోవడంతో ఫ్రీడ్‌మెన్ మళ్లీ తెగ పాలక మండలి అయిన కౌన్సిల్‌లోకి వచ్చారు. అయినా ఫ్లోరిడా భూములకు పరిహారంగా వచ్చిన నిధిలో వాటా దక్కలేదు. 2021లో కోవిడ్ టీకాకు వెళితే వెనక్కి పంపారు. ఆ ఏడాది అక్టోబరులో గానీ వైద్యం వారికీ వర్తిస్తుందని ఫెడరల్ ఆరోగ్య విభాగం ప్రకటించలేదు. డోసార్-బార్కస్, సీజర్ బ్రూనర్ అనే రెండు ఫ్రీడ్‌మెన్ శాఖలకు నేటికీ కౌన్సిల్‌లో సీట్లున్నాయి. వారికిచ్చిన కార్డుల మీద మాత్రం ఓటు హక్కు ఒక్కటే అని ఉంది.