కోడూరు రాయికి బళ్లో చోటేదీ?

విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి వైపు పిల్లలెవరైనా డిగ్రీలో జియాలజీ (భూగర్భశాస్త్రం) తీసుకుంటామంటే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న "దానికి డీఎస్సీలో పోస్టులుంటాయా?" అనే. తప్పేం లేదు. మన దేశంలో ఈ చదువు బడి కోసం పుట్టలేదు, గని కోసం పుట్టింది. ఆ పుట్టుక ఛాయ ఇప్పటికీ పోలేదు.

1851లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాను పెట్టింది ముఖ్యంగా బొగ్గు వెతకడానికి. మన వైపు మాత్రం కథ మాంగనీసుతో మొదలైంది. దేశంలో మాంగనీసు తవ్వకానికి కొబ్బరికాయ కొట్టింది ఇక్కడే, 1892 ప్రాంతంలో, గరివిడి దగ్గర కోడూరులో. ఉక్కు గట్టిపడాలంటే మాంగనీసు కావాలి. నల్లగా, పరిమాణానికి మించిన బరువుతో, ముట్టుకుంటే వేళ్లకు మసి అంటే ఆ ఖనిజం ఓడలెక్కి విదేశాలకు పోయింది. తవ్వినవాళ్లు, మోసినవాళ్లు మనవాళ్లు. దాని గురించి రాసినవాళ్లు దొరలు.

అలా రాసినవాళ్లలో సర్వే సంస్థ ఉద్యోగి ఫెర్మర్ ఒకడు. 1909లో దేశంలోని మాంగనీసు నిక్షేపాల మీద పెద్ద గ్రంథమే వెలువరించాడు. కోడూరు గనుల్లో గార్నెట్, ఫెల్డ్‌స్పార్, అపటైట్ అనే ఖనిజాలు కలిసిన ఒక వింత రాయి చూసి, దానికి ఊరి పేరే పెట్టి 'కోడూరైట్' అన్నాడు. అది శిలాద్రవం, అంటే భూమి లోపల కరిగిన రాయి, చల్లారి ఏర్పడినదని ఆయన నమ్మకం. తర్వాత వచ్చినవాళ్లు ఒప్పుకోలేదు. పొరలుగా పేరుకున్న పాత మట్టి, ఇసుక లాంటి అవక్షేపాలు వేడికీ ఒత్తిడికీ మారి, వాటిలోకి వేరే పదార్థం కలిసి ఇలా తయారైందన్నారు. సైన్సులో పెద్దవాళ్ల మాటను కూడా ఎలా తిరగదోడతారో పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు. కానీ ఆ ఊరి పక్క బళ్లో చదివే పిల్లకు ఈ పేరు పాఠంలో ఎక్కడా తగలదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో వచ్చింది. అక్కడి జియాలజీ శాఖను నిలబెట్టినవారిలో సి.వి.రామన్ దగ్గర పరిశోధన చేసిన సి.మహదేవన్ ముఖ్యులు. ఈ చదువు మన పిల్లలకు విశాఖ దాకా వచ్చింది గానీ అక్కడి నుంచి హైస్కూలు మెట్లు దిగలేదు. రాళ్ల సంగతి సోషల్‌లో కాస్త, ఖనిజాల సంగతి పదో తరగతి ఫిజికల్ సైన్స్‌లో లోహాల దగ్గర ఇంకాస్త. రెండూ ఇద్దరు టీచర్ల చేతుల్లో ఉంటాయి. జియాలజీ చదివిన టీచరు లేని లోటు ఎక్స్‌కర్షన్‌లో బయటపడుతుంది. బొర్రా గుహలను 1807లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ కనుగొన్నాడని పిల్లల చేత నోట్సులో రాయిస్తారు. అప్పటికి ఆ సంస్థ పుట్టడానికే ఇంకా నలభై నాలుగేళ్లుంది!

పోనీ బడి కాకపోతే? డిగ్రీ కాలేజీలో లెక్చరర్ కావాలంటే పీజీ మీద నెట్ గానీ సెట్ గానీ (లెక్చరర్ అర్హత పరీక్షలు), లేదంటే పీహెచ్‌డీ గానీ ఉండాలి. జియలాజికల్ సర్వేలో, కేంద్ర భూగర్భజల బోర్డులో ఉద్యోగాలకు యూపీఎస్సీ జియో-సైంటిస్ట్ పరీక్ష ఉంది, దానికీ పీజీ తప్పదు. ఇంటికి దగ్గరగా చూస్తే టెక్కలి వైపు గ్రానైట్ క్వారీలున్నాయి, తీరం ఇసుకలో గార్నెట్, ఇల్మనైట్, సిలిమనైట్ ఖనిజాలున్నాయి. నీళ్ల పని సరేసరి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు మాటెత్తితే ముందు అనుమానం పోయేది బోరు నీళ్ల మీదకే కదా.

టీచరే కావాలనుకునేవాళ్లకు మాత్రం దారి కొంచెం మెలిక తిరిగింది. ఇదివరకు డిగ్రీలో మూడు సబ్జెక్టులుండేవి. జియాలజీ పక్కన ఫిజిక్సో కెమిస్ట్రీయో ఉంటే బీఈడీలో మెథడాలజీకి, అంటే బోధించడానికి ఎంచుకునే సబ్జెక్టుకు, అదే ఆసరా అయ్యేది. 2023-24లో మన రాష్ట్రంలో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది, అంటే ఒకటే ప్రధాన సబ్జెక్టు (మేజర్), దాని పక్కన ఒక చిన్న సబ్జెక్టు (మైనర్). కాబట్టి జియాలజీ మేజర్ సీటు తీసుకునేటప్పుడే మైనర్ ఏది ఇస్తున్నారో కాలేజీలో అడగాలి, బీఈడీ నోటిఫికేషన్‌లో అర్హతల పట్టిక తెరిచి ఆ మైనర్ అందులో పనికొస్తుందో లేదో చూసుకోవాలి. మూడో ఏడు అయ్యాక చూస్తే టెన్షన్ తప్ప చేయగలిగింది పెద్దగా ఉండదు.