కనుబొమలు మర్చిపోయారర్రా

ఒరేయ్ చిన్నా, అమ్మలూ,

మీరు అట్టపెట్టెతో చేసిన రోబో ఫోటో మీ అమ్మ పంపింది, ఎంత ముచ్చటేసిందో, కానీ ఎప్పుడూ నవ్వుతూనే ఉండేలా నోరు పెయింట్ చేసేశారు, దానికే ఈ ఉత్తరం.

మన పర్లాకిమిడి సంతకి కొండమీంచి సవర తెగ ఆడవాళ్ళు వస్తారు కదా. గిడుగు రామ్మూర్తి పంతులుగారు ఇదే ఊళ్ళో ఉండి సవర భాష నేర్చుకుని దానికి డిక్షనరీ కూడా రాశారు గానీ మా అమ్మకి ఆ భాష ఒక్క ముక్క రాదు, అయినా బేరం సాగిపోయేది. అవతలావిడ గొంతు మారినా, కనుబొమ ముడిపడినా, తల కాస్త వెనక్కి పోయినా చాలు, ధర నచ్చలేదని అమ్మకి తెలిసిపోయేది.

అమెరికాలో ఎం.ఐ.టి. అనే యూనివర్సిటీలో సింథియా బ్రెజీల్ అనే ఆవిడ 1990ల చివర్లో కిస్మెట్ అని ఒక రోబో చేసింది. ఒళ్ళు లేదు, తలకాయే, అందులో పెద్ద కళ్ళు, చెవులు, కనుబొమలు, ఎర్ర పెదాలు. మాటలకి అర్థం దానికి తెలీదు, మెచ్చుకుంటున్నారా కసురుతున్నారా ఊరడిస్తున్నారా అన్నది గొంతు తీరుని బట్టే పట్టేది, అచ్చం చంటిపిల్లలాగే. ఎవరైనా మరీ దగ్గరికొచ్చేస్తే దాని కెమెరాలకి మొహం సరిగ్గా ఆనదు, అప్పుడది తల వెనక్కి లాక్కునేది, ఎదురుగా ఉన్నవాళ్ళు ఎవరూ చెప్పకుండానే ఒక అడుగు వెనక్కి వేసేవాళ్ళు, దానికి కావలసిన దూరం దానికి దొరికేది! నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

జపాన్‌లో షిబాతా గారు చేసిన పారో అనే రోబో అయితే తెల్లటి సీల్ పిల్లలా ఉంటుంది, సీల్ అంటే సముద్రంలో ఉండే జంతువు, మతిమరుపు జబ్బొచ్చిన పెద్దవాళ్ళ ఒళ్ళో పెడతారు. కుక్కనో పిల్లినో చేస్తే అసలుదానితో పోల్చి పెదవి విరుస్తారు, సీల్‌ని ఎవరు పెంచారు గనక?

కాబట్టి మీ రోబోకి బ్యాటరీ అయిపోతుంటే కళ్ళు వాలిపోవాలి, మాట వినపడకపోతే కనుబొమలు పైకి లేవాలి, అప్పుడు మనకి ఏం చెయ్యాలో తెలుస్తుంది. "నువ్వెళ్ళిపోతే ఏడుస్తా" అని మాత్రం దానిచేత చెప్పించకండి నాన్నా, దానికి ఏడుపు రాదు, పక్కింటి పసివాడు నిజమనుకుని బెంగపెట్టుకుంటాడు.

కనుబొమలకి పుల్లైసు పుల్లలు దాచి ఉంచాను, దసరాకి వచ్చేటప్పుడు పెట్టె నలగకుండా పట్టుకురండి.

మీ మామ్మ