సపోటా పాలు పోయి సింథటిక్ రబ్బరు వచ్చింది: చూయింగ్ గమ్ వెనక కథ

సపోటా, తుమ్మ జిగురు, సహజ రబ్బరు పాలు, సింథటిక్ రబ్బరు పాలు, పాలీవినైల్ ఎసిటేట్. చూయింగ్ గమ్ తయారీలో వాడుకోవచ్చని మన దేశపు 2011 ఆహార ప్రమాణాల నిబంధనలు చెప్పిన ముడిసరుకుల్లో ఇవి కొన్ని. దుకాణంలో కొన్న ప్యాకెట్ మీద మాత్రం ఇవేవీ కనిపించవు. ‘గమ్ బేస్’ అని ఉంటుంది, అంతే. గమ్ బరువులో సుమారు పావు వంతు ఈ బేసే. తీపి కరిగిపోయాక పళ్ల మధ్య మిగిలేదీ ఇదే. చెట్టు పాలూ, టైరు ట్యూబులకు వాడే జాతి రబ్బరూ ఒకే పేరు కింద ఎలా చేరాయన్నదే ఈ కథ.

జిగురు నమలడం మనిషికి చాలా పాత అలవాటు. డెన్మార్క్‌లో దొరికిన 5,700 ఏళ్ల నాటి బర్చ్ జిగురు ముద్ద నుంచి, దాన్ని నమిలిన ఆడమనిషి డీఎన్ఏను శాస్త్రవేత్తలు 2019లో పూర్తిగా చదవగలిగారు. అయితే ఈనాటి గమ్‌కు అసలు పుట్టిల్లు మెక్సికో, గ్వాటెమాలా, బెలీజ్ అడవులు. అక్కడి సపోటా చెట్టు పాలే ‘చికిల్’. మన పెరళ్లలో కాసే సపోటా కూడా ఆ జాతే. పచ్చికాయ కొరికితే పెదాలకు అంటుకుని వదలని పాలు గుర్తున్నవారికి చికిల్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

అమెరికాలో 1860ల చివర్లో రెండు సంగతులు జరిగాయి. 1869లో ఒహాయోలో విలియం సెంపుల్ అనే దంతవైద్యుడు చూయింగ్ గమ్‌కు పేటెంట్ తీసుకున్నాడు. ఆయన ఉద్దేశం పళ్లు శుభ్రపడాలని. అందుకే రబ్బరులో సుద్ద, బొగ్గుపొడి లాంటివి కలిపాడు. అదే కాలంలో న్యూయార్క్‌లో ప్రవాసంలో ఉన్న మెక్సికో మాజీ అధ్యక్షుడు సాంటా అన్నా ద్వారా థామస్ ఆడమ్స్ చేతికి చికిల్ వచ్చింది. దాన్ని రబ్బరుకు ప్రత్యామ్నాయంగా మార్చాలని ఆడమ్స్ చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. చివరికి నమలడానికి అమ్మాడు. 1871లో గమ్ తయారుచేసే యంత్రానికి పేటెంట్ పొందాడు. 1893లో రిగ్లీ కంపెనీ స్పియర్‌మింట్, జ్యూసీ ఫ్రూట్ రకాలతో దాన్ని ఇంటింటి సరుకు చేసింది. 1928లో ఫిలడెల్ఫియాలోని ఫ్లీర్ కంపెనీ అకౌంటెంట్ వాల్టర్ డీమర్ బుడగ ఊదగలిగేంత సాగే బేస్ తయారుచేశాడు. చేతికందిన రంగు గులాబీ ఒక్కటే కావడంతో బబుల్ గమ్‌కు ఆ రంగు స్థిరపడిపోయింది.

ఇంత గిరాకీని అడవి ఎంతకాలం తట్టుకుంటుంది? చికిల్ తీసేవాళ్లు వానాకాలంలో తాళ్లతో చెట్టెక్కి, కత్తితో మాను మీద వంకరటింకరగా గాట్లు పెట్టుకుంటూ వచ్చేవారు. పాలు ఆ గాట్ల వెంట జారి కింద కట్టిన సంచిలో పడేవి. వాటిని పెద్ద బానల్లో మరిగించి, నీరు తగ్గించి, దిమ్మెలుగా పోసేవారు. ఒకసారి గాట్లు పెట్టిన చెట్టు కోలుకోవడానికి కొన్నేళ్లు పడుతుంది. ఆగకుండా మళ్లీ కోస్తే, లోతుగా కోస్తే చెట్టు చచ్చిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుల రేషన్‌లో గమ్ చేరాక కొరత మరీ ముదిరింది. అప్పటికే సింథటిక్ రబ్బరు పరిశ్రమ ఎదిగి ఉంది. యుద్ధం తర్వాత కంపెనీలు క్రమంగా చికిల్‌ను వదిలి అటు మళ్లాయి. ధర తక్కువ, సరుకు ఎప్పుడూ ఒకే తీరున వస్తుంది.

ఇప్పటి బేస్‌లో ఒక్కో భాగానికి ఒక్కో పని. సాగే గుణం బ్యూటైల్ రబ్బరు, పాలీఐసోబ్యూటిలీన్ అనే సింథటిక్ రబ్బర్లది. ముద్దకు నిండుదనం ఇచ్చేది పాలీవినైల్ ఎసిటేట్. తెల్ల వడ్రంగి జిగురులోనూ ఇదే పాలిమర్ ఉంటుంది. పైన్ చెట్ల నుంచి తీసే రోజిన్ ఎస్టర్లు రబ్బరును మెత్తబరుస్తాయి. బరువుకు, పదునుకు సున్నపురాతి పొడి లేదా టాల్క్, మెత్తదనానికి మైనం, లెసిథిన్, బేస్ పాడవకుండా బీహెచ్‌టీ అనే రసాయనం. వడ్రంగి జిగురులో ఉన్నదే తింటున్నామని కంగారు పడక్కర్లేదు. ఆహారానికి వాడే రకానికి శుద్ధి హద్దులు వేరే ఉన్నాయి. కానీ ఏది ఎంత ఉందో కొనేవాడికి చెప్పకపోవడం సమర్థించుకోలేని విషయం. ఐరోపా లేబుల్ చట్టం కూడా ‘గమ్ బేస్’ అన్న ఉమ్మడి పేరుతో సరిపెట్టుకోనిస్తుంది.

ఈ చర్చ 2025లో మళ్లీ రేగింది. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు గమ్ నమిలినప్పుడు ఒక్కో గ్రాముకు సగటున 100 మైక్రోప్లాస్టిక్ (అతిచిన్న ప్లాస్టిక్) రేణువులు లాలాజలంలోకి వస్తున్నాయని చెప్పారు. ఎక్కువ భాగం మొదటి 8 నిమిషాల్లోనే వచ్చాయి. సహజ గమ్‌లోనూ దాదాపు అంతే కనిపించాయి. నమిలింది ఒకే వ్యక్తి, పైగా ప్రాథమిక అధ్యయనం. హాని జరుగుతుందని అది తేల్చలేదు. ఆ అంకెను బట్టి చేయగలిగిన జాగ్రత్త ఒకటుంది: గంటకో కొత్త గమ్ వేసుకునే బదులు ఒకదాన్నే ఎక్కువసేపు నమలడం.

మింగేస్తే ఏడేళ్లు కడుపులో ఉంటుందన్న మాట నిజం కాదు. బేస్ అరగదు, అయినా మిగతా పీచులాగే రెండు మూడు రోజుల్లో బయటికి పోతుంది. ప్రమాదం అలవాటుగా మింగే చిన్నపిల్లలకు. 1998లో ‘పీడియాట్రిక్స్’ వైద్య పత్రిక ముగ్గురు పిల్లల కేసులు ప్రచురించింది. వాళ్లలో నాలుగున్నరేళ్ల బాబు రోజుకు ఐదు నుంచి ఏడు గమ్‌లు మింగి, తీవ్రమైన మలబద్ధకంతో వైద్యుల దగ్గరికి చేరాడు. పిల్లవాడికి ఉమ్మేయడం వచ్చేదాకా గమ్ ఇవ్వకూడదు.

పళ్ల మాటకొస్తే, పంచదార గమ్ నష్టమే చేస్తుంది. మేలు చేసే గమ్ ఫిన్లాండ్ నుంచి వచ్చింది. అక్కడి టుర్కులో 1972లో మొదలైన అధ్యయనాల్లో పంచదారకు బదులు జైలిటాల్ అనే తీపి పదార్థం వాడినవాళ్లకు పుచ్చుపళ్లు బాగా తగ్గాయి. పళ్లను పుచ్చబెట్టే బాక్టీరియా దాన్ని ఆమ్లంగా మార్చలేదు. దానికి తోడు నమలడం వల్ల ఊరే లాలాజలం నోట్లోని ఆమ్లాన్ని కడిగేస్తుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2008లో పిల్లల విషయంలో ఒప్పుకున్న మోతాదు: తీపి మొత్తం జైలిటాల్‌దే అయిన గమ్ 2–3 గ్రాములు, రోజుకు కనీసం మూడుసార్లు, భోజనాల తర్వాత.

సార్బిటాల్ లాంటి ఈ కోవ తీపి పదార్థాలు పేగులో పూర్తిగా ఇంకవు, నీటిని లాగుతాయి. 2008లో జర్మన్ వైద్యులు వివరించిన కేసులో ఒక యువతి రోజుకు 18–20 గ్రాముల సార్బిటాల్ గమ్ రూపంలో తీసుకుని విరేచనాలతో 11 కిలోలు తగ్గింది. గమ్ మానగానే కోలుకుంది. కారణం తెలియని విరేచనాలతో వచ్చినవాళ్లను గమ్ అలవాటు గురించి అడగడం వైద్యులు మరిచిపోకూడదు. తరచూ తలనొప్పి, దవడ కీలు నొప్పి ఉన్నవాళ్లు కూడా ముందు గమ్ మానేసి చూడాలి. జైలిటాల్ గమ్ కుక్కలకు విషం. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది.

సిగరెట్, గుట్కా మానడానికి వాడే నికోటిన్ గమ్‌ను మామూలు గమ్‌లా నమిలితే పనిచేయదు. ఘాటు తగిలేదాకా నెమ్మదిగా నమిలి, బుగ్గకూ చిగురుకూ మధ్య ఆపాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. గబగబా నమిలితే నికోటిన్ కడుపులోకి పోయి ఎక్కిళ్లు, వికారం వస్తాయి. కాఫీ, కూల్‌డ్రింక్ తాగి ఉంటే నోట్లోని పులుపు వల్ల నికోటిన్ ఇంకదు కాబట్టి 15 నిమిషాల ముందు నుంచే అవి ఆపాలి.

లేబుల్ మీద పదార్థాలు బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు ఉంటాయి. సార్బిటాల్ (లేబుల్ మీద దాని నంబరు 420), మాల్టిటాల్ (965) ముందుండి జైలిటాల్ (967) ఎక్కడో చివర ఉంటే, పెద్ద అక్షరాల్లో జైలిటాల్ అని రాసినా టుర్కు ఫలితాన్ని ఆశించవద్దు. తెల్లదనానికి వేసే 171 అంటే టైటానియం డయాక్సైడ్; 2022లో ఐరోపా సమాఖ్య దాన్ని ఆహారంలో నిషేధించింది. 951 అంటే అస్పార్టేమ్ అనే కృత్రిమ తీపి. పుట్టుకతో ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బు ఉన్నవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు.